గవ్వలదిబ్బకి ఆరు లక్షల అక్షరాలు

మొదటి రోజు

ఈ దినచర్య పుస్తకంలో రోజుకి ఆరు వరుసలకి మించి రాయకూడదని సుదర్శనం గారి ఆజ్ఞ. కాగితం కరువట. ఇవాళ్టి గోల ఆరు వరుసల్లో పట్టదు. ఆయన చదివి విసుక్కుంటే విసుక్కోనీ.

పొద్దున ఏడూ పదికి చుట్టం వచ్చాడు. చుట్టం అంటే మా నెత్తిమీద తిరిగే పాత ఉపగ్రహం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాడు. తొమ్మిది నిమిషాలుంటాడు, ఎంత బతిమాలినా పదో నిమిషం ఆగడు. ఆ తొమ్మిది నిమిషాల్లో పదివేల ఎనిమిది వందల అక్షరాలు పంపొచ్చు. కొత్త యంత్రాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో చచ్చిపోయాక, అటకెక్కించిన పాత బరువు యంత్రాలే బతికి బట్టకట్టాయి. ఈ మబ్బుకొండ నుంచి సముద్రం అవతలి దాకా మనుషుల మధ్య మిగిలిన దారి వాటితోనే.

గవ్వలదిబ్బ నుంచి కబురొచ్చింది. అది నడిసముద్రంలో దీవి, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం ఆగిపోయిందట. దాన్ని బాగుచేసే పుస్తకం మా దగ్గరుంది, వెంటనే పంపమన్నారు. ట్యాంకులో పదమూడు రోజుల నీళ్ళున్నాయి. వానలకి రెండు నెలలుంది. గాలి అనుకూలించినా పడవకి ఇరవై రోజులు పడుతుంది.

సుదర్శనం గారు కబుర్లు పంపే మా కేంద్రానికి పెద్ద. పుస్తకాల గదిలోంచి ఆ పుస్తకం ఫైలు ఉన్న పళ్ళెం, అదే డిస్కు, ఆయనే వెతికి తెచ్చారు. ఆరు లక్షల ఇరవై వేల అక్షరాలు. విడిగా పంపితే ఇరవై తొమ్మిది రోజులు. కాబట్టి మూట కట్టాలి. మళ్ళీ మళ్ళీ వచ్చే అక్షరాల గుంపులకి పొట్టి గుర్తులు పెట్టి ఫైలుని నలిపేయడమే మూట కట్టడం. అవతలి యంత్రం ఆ గుర్తులు చూసి మూట విప్పుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే. మధ్యాహ్నానికల్లా నలిపేశాను, మూడో వంతుకి దిగింది. పది రోజుల్లో పంపేయొచ్చు. మూడు రోజులు మిగులుతాయి. హమ్మయ్య అనుకున్నాను.

రెండో రోజు

హమ్మయ్య అనుకోవడం నాదే బుద్ధితక్కువ.

మా యంత్రం పేరు బండ. దిబ్బ మీది దాని పేరు పిట్ట. రెండూ పుట్టినప్పుడు ఒకదాని మొహం ఒకటి చూసి ఉండవు. యంత్రం లోపల ప్రతి అక్షరమూ ఒక అంకె; ఒకదాని అంకెలు రెండోదానికి తెలియవు, మధ్యలో పట్టిక పెట్టుకుని మార్చుకోవాలి. అది అలవాటైన తలనొప్పే. ఇవాళ కొత్తది వచ్చింది. నిన్న సాయంత్రం పంపిన ముక్క పదివేల ఎనిమిది వందలు. అవతల చేరింది పదివేల ఎనిమిది వందల నలభై ఒకటి. దారిలో నలభై ఒక్క అక్షరాలు పుట్టుకొచ్చాయి. మూటలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఆ తర్వాతదంతా బూడిద. ఎందుకంటే ప్రతి గుర్తూ దాని ముందున్నవాటి మీద ఆధారపడి ఉంటుంది.

రోజంతా తల బద్దలు కొట్టుకుంటే దొరికింది. పిట్టకో దురలవాటు ఉంది. పదమూడు అనే అంకె కనిపిస్తే చాలు, వరుస అయిపోయిందనుకుని, అడగకుండానే పక్కన పది చేరుస్తుంది. మామూలు ఉత్తరాలకి అది మంచిదే. మూటలో పదమూడు అంటే వరుస అయిపోయిందని కాదే మొద్దూ, అది గుర్తు. ఎవరితో చెప్పుకోను? పిట్టని మార్చడం ఎవరివల్లా కాదు, దాన్ని చేసినవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో.

మూడో రోజు

పదమూళ్ళే లేకుండా మూటని వట్టి మామూలు అక్షరాల్లోకి తిప్పి రాశాను. పిట్ట వాటి జోలికి పోదు. పోదు గానీ మూట లావెక్కింది. మూడు అక్షరాల చోట నాలుగు పంపాలి. పది రోజులు కాస్తా పదమూడయ్యాయి. ట్యాంకులో ఇక పది రోజులే ఉన్నాయి. లెక్క వేసిన కాగితాన్ని సుదర్శనం గారి బల్లమీద పెడితే ఆయన చూసి, ఇంకాస్త గట్టిగా నలపలేమా అమ్మా అన్నారు. ఒళ్ళు మండింది. నలిపేది చింతపండు కాదు కదా.

దిబ్బ పెద్దలు నీళ్ళ వాటా తగ్గించారు. మనిషికి రోజుకి మూడు లీటర్ల నుంచి రెండుంబావుకి, వంటతో సహా. దాంతో పది రోజులు పదమూడవుతాయి. ఇంతకంటే తగ్గిస్తే ఆ ఎండల్లో మనుషులు నిలవలేరు.

అవతల పిట్టని నడిపేవాడు పోలయ్య. మనిషిని ఎప్పుడూ చూడలేదు. పన్నెండేళ్ళుగా చుట్టం వెళ్ళబోయే ముందు చెరో నలభై అక్షరాల పలకరింపు రాసుకుంటాం. అంతవరకు అనుమతి ఉంది. నన్ను అప్పా అంటాడు, వాళ్ళ వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఇంట్లో వాళ్ళమ్మ, భార్య, మూడు నెలల ఆడపిల్ల. ఇవాళ సాయంత్రం పలకరింపులో రాశాడు: "అమ్మ తన నీల్లు గుంటకిచ్చేత్తంది అప్పా." గుంటంటే ఆ పసిపిల్ల. పిల్లకి నేరుగా ఇవ్వడం కాదులే, పాలిచ్చే కోడలికి పోస్తోందన్నమాట. నలభై అక్షరాల్లో అంత వివరం పట్టదు.

నాలుగో రోజు

మూడు ముక్కలు చేరాయి, లెక్కలు సరిపోయాయి. పొద్దున మొదటి ముక్క విప్పి చూడమన్నాను. పిట్ట చెప్పిన సమాధానం: చోటు చాలదు.

చోటు చాలదట! మూట విప్పాలంటే అప్పటిదాకా విప్పినదంతా గుర్తుంచుకోవాలి, దాని బుర్రలో అంత జాగా లేదు. మూడు పూటలు నీళ్ళపాలయ్యాయి. నీళ్ళకోసం చేసే పనిలో ఈ మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

నాలుగేసి వేల అక్షరాల చిన్న చిన్న మూటలుగా కట్టాలి. అప్పుడే పిట్ట విప్పగలదు. కానీ చిన్న మూట బాగా నలగదు. మళ్ళీ మళ్ళీ వచ్చే గుంపులు దొరకాలంటే మూట పెద్దదిగా ఉండాలి మరి. మూడో వంతుకి దిగినది సగానికే ఆగింది. సాయంత్రం మొదటి చిన్న మూటలు పంపాను. పోలయ్య విప్పాడు, సరిపోయాయి. ఇలాగే అయితే పుస్తకం అంతా చేరడానికి పందొమ్మిది రోజులు. ఉన్నవి పన్నెండు.

అయిదో రోజు

ఇవాళ నాకు ఒక మంచి ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ఒక పూట ఖర్చయింది.

పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చే అక్షరాల గుంపులు ఎనిమిది వందలు బండతో ఏరించాను. ఆ జాబితాని సాయంత్రం పిట్టకి పంపేశాను. రెండు యంత్రాల దగ్గరా ఒకే జాబితా ఉంటే చిన్న మూట కూడా బాగా నలుగుతుంది, జాబితాలో నంబరు పంపితే చాలు. రేపటి నుంచి పూటకి ఇరవై ఒక్క వేల అక్షరాల సరుకు వెళుతుంది. ఆ జాబితాలో ఏమున్నాయో నేను చూడలేదు. చూడకూడదు.

ఇది తెలియనివాళ్ళు ఎప్పుడైనా ఈ పుస్తకం తిరగేస్తారేమో, రాసి పెడతాను. బండ తెర మీద నల్లగుడ్డ కుట్టేసి ఉంటుంది. అడుగున రెండు వేళ్ళ మేర మాత్రం ఖాళీ. అక్కడ కనిపించేవి అక్షరాల లెక్క, సరిచూసుకునే అంకె, పలకరింపు. అంతే. మూటలు కట్టేవాళ్ళు గానీ విప్పేవాళ్ళు గానీ లోపల ఏముందో చదవకూడదు, అడగకూడదు. పనిలో చేరేటప్పుడు ప్రమాణం చేయిస్తారు. ప్రతి కేంద్రంలోనూ ఇదే పద్ధతి. మూట మొత్తం చేరి లెక్క సరిపోయాకే అచ్చుయంత్రం కాగితం మీద కొట్టి, మడిచి, ఎవరిది వాళ్ళకిస్తుంది. సగం ఉత్తరం ఎవరికీ ఇవ్వరు. అందుకే జనం తమ వీలునామాలూ, గుట్టుమట్లూ, మొగుడితో చెప్పుకోలేని సంగతులూ మా చేతిలో పెడతారు.

పోలయ్య: "అమ్మకి కల్లు తిరుగుతన్నాయి. పడుకునుంది."

ఆరో రోజు

పొద్దున బాగా వెళ్ళింది. సాయంత్రం ఉరుములు. చుట్టం వచ్చాడు, వెళ్ళాడు, తొమ్మిది నిమిషాలూ గరగర తప్ప ఏమీ లేదు. ఇక్కడ మా కొండమీద వాన దంచి కొడుతోంది, వసారాలో బిందె నిండి పొర్లిపోతోంది. దాన్ని చూస్తూ కూర్చోలేక లోపలికి వచ్చేశాను.

ఏడో రోజు

రెండు పూటలూ వెళ్ళాయి. పోలయ్య పలకరింపు రాయలేదు. నేను "అమ్మ ఎలా ఉంది" అని రెండుసార్లు రాశాను.

ఎనిమిదో రోజు

రెండు పూటలూ వెళ్ళాయి. ఇప్పటికి లక్షా ముప్ఫై ఏడు వేల అక్షరాలు చేరాయి. ఇంకా నాలుగు లక్షల ఎనభై మూడు వేలు మిగిలాయి. పదకొండు రోజులకి పైనే పడుతుంది. ట్యాంకులో ఎనిమిది రోజుల నీళ్ళున్నాయి. ఎటు తిప్పి వేసినా అదే లెక్క. ఇంకా నలిపే విద్య నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

పొద్దున పోలయ్య రాశాడు: "అమ్మ మాటాడ్డం నేదు. నీల్లు మింగడం నేదు."

నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం సుదర్శనం గారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పుస్తకం మొత్తం పంపడం అయ్యే పని కాదు, అందులో వాళ్ళకి కావలసింది ఏ పేజీయో అదొక్కటే పంపాలి, గుడ్డ తీసి చూడనివ్వండి అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఏ పేజీ కావాలో దిబ్బవాళ్ళనే అడుగుదామన్నారు. పుస్తకం మొహమే చూడనివాళ్ళకి ఏ పేజీయో ఎలా తెలుస్తుంది? పళ్ళెం చదవగలిగే యంత్రం ఈ కొండమీద బండ ఒక్కటే, దానికేమో గుడ్డ. అచ్చు కొట్టించి ఇంకెవరిచేతనైనా చదివిద్దామన్నాను. పేరు ఎవరిదైతే వాళ్ళే చదవాలి, ఆ పుస్తకం దిబ్బ పేరున ఉంది అన్నారు.

ఇది ఉత్తరం కాదు, నీళ్ళయంత్రం పుస్తకం, ఇందులో ఎవరి గుట్టు ఉంటుందని గట్టిగానే అడిగాను. గొంతు లేచిందని నాకే తెలిసింది.

"ఇవాళ పుస్తకం అంటారు. రేపు పొద్దున ఇంకెవరి ప్రాణమో అడ్డొస్తుంది, ఉత్తరం అంటారు. మా అన్నయ్య ఎలా పోయాడో మీకు తెలుసు కదమ్మా" అన్నారు ఆయన.

తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే గదిలో మూటలు కట్టిన ఒకతను, రెండు పేటల మధ్య కాలవ తగాదా ఉత్తరాలు చదివి, ఒకళ్ళవి ఇంకొకళ్ళ చెవిన వేశాడు. పదకొండు మంది కత్తులకి బలయ్యారు. వాళ్ళలో సుదర్శనం గారి అన్న ఒకడు. ఆ తర్వాతే ఈ నల్లగుడ్డ వచ్చింది. దాన్ని కుట్టింది సుదర్శనం గారే.

ఆయన తప్పు మాట్లాడుతున్నారని అనలేను. అనలేకపోవడమే నా బాధ. ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, అన్నం సయించలేదు.

తొమ్మిదో రోజు

పొద్దున ఆరింటికే వచ్చాను. సుదర్శనం గారు అప్పటికే కూర్చుని ఉన్నారు, ఆయనకీ నిద్ర పట్టినట్టు లేదు. సంచిలోంచి కత్తెర తీశాను. చూశారు. లేచి బయటికి వెళ్ళి, గుమ్మం దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడ్డారు.

కుట్లు పటపటా కత్తిరించాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బండ మొహం చూశాను. పచ్చటి వెలుగు. పుస్తకం మొదటి పేజీ తెరిచాను.

ఒక్క ముక్క అర్థం కాలేదు. పట్టిక చెడిందేమో, బండే అక్షరాలు తప్పుగా చూపిస్తోందేమో అనుకున్నాను. నాలుగు పేజీలు తిప్పాను, నలభై తిప్పాను. అదే గొలుసుల్లాంటి రాత. లక్ష అక్షరాలు దాటాక రాత మారింది, ఇంకేదో భాష. అది కూడా తెలియదు. తర్వాత మూడోది. నాలుగోది. అయిదోది ఇంగ్లీషు. ఆరోది, చిట్టచివరిది, మనది.

పుస్తకం ఆరు లక్షల అక్షరాలు కాదు. లక్ష అక్షరాల పుస్తకాన్నే ఆరు భాషల్లో ఆరుసార్లు రాసి ఒకే ఫైలులో పెట్టారు, ఎవరు కొన్నా చదువుకోవడానికి వీలుగా. ఎనిమిది రోజులుగా నేను నలిపి, తిప్పి రాసి, ముక్కలు చేసి, జాబితా కట్టి పంపినదంతా ఈ భూమ్మీద ఇప్పుడు ఎవరైనా మాట్లాడుతున్నారో లేదో తెలియని ఒక భాష, ఇంకో భాషలో మూడో వంతు. నేను అంత గొప్పగా ఏరించిన ఎనిమిది వందల గుంపుల జాబితా కూడా చాలావరకు వాటిదే. బల్లని ఒక్క గుద్దు గుద్దాను. చెయ్యి వాచింది.

గడియారం చూస్తే ఆరూ యాభై. మన భాష భాగంలో వెతికాను. చివర్లో పట్టిక ఉంది: యంత్రం ఇలా చేస్తే, ఈ రంగు దీపం వెలిగితే ఇలా చేయండి అని, డెబ్భై రకాల జబ్బులు. దిబ్బ యంత్రానికి వచ్చిన జబ్బేమిటో నాకు తెలియదు. ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు, అడగకూడదు కాబట్టి.

ఏడూ పదికి చుట్టం రాగానే పలకరింపులోనే రాశాను: "యంత్రం ఏం చేస్తోంది? ఏ దీపం?" ప్రమాణం మీరుతున్నానని పోలయ్యకి అర్థమయ్యే ఉంటుంది. అయినా జవాబు పంపాడు: "పసుపు దీపం ఆగి ఆగి. మోతుంది నీల్లు రావు."

వేలు పెట్టి పట్టిక అంతా దిగాను. నలభై మూడో వరుస. మూట కట్టలేదు, నలపలేదు, పలకరింపు చోటులోనే చేత్తో టకటకా కొట్టేశాను: "ముందువైపు జల్లెడలో గాలి చేరింది. జల్లెడ మీద నల్ల మూత ఉంటుంది, అది తీయాలి. లోపలి ఇత్తడి మరని మూడు చుట్లు వదులు చేయాలి. బుస్సుమని గాలి పోతుంది. నీళ్ళు ధారగా వచ్చేదాకా ఆగి మర బిగించాలి. ఎర్ర మీట రెండుసార్లు నొక్కాలి." చిన్నా చితకా కలిపితే రెండు వందల అక్షరాలకి అటూ ఇటూ. వెళ్ళడానికి పది సెకన్లు పట్టింది. ఇంకొకసారి పంపాను, చేరిందో లేదోనని. అంతలో చుట్టం వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఎలా గడిచిందో రాయలేను. సుదర్శనం గారు లోపలికి వచ్చి తెర వైపు చూడకుండా తన కుర్చీలో కూర్చున్నారు. మధ్యాహ్నం ఒక గ్లాసు మజ్జిగ నా పక్కన పెట్టి వెళ్ళారు.

అయిదూ నలభైకి చుట్టం వచ్చాడు. "నీల్లొచ్చినాయి అప్పా. గుంట తానం సేసింది."

ఏడ్చాను. సుదర్శనం గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు, నేను చూడలేదనుకున్నారు. అమ్మ ఎలా ఉందని రాశాను. జవాబు రాకముందే తొమ్మిది నిమిషాలు అయిపోయాయి.

పదో రోజు

పొద్దున వచ్చిన జవాబు: "అమ్మ మొన్న సందేల పోనాది అప్పా."

మొన్న సాయంత్రమంటే ఎనిమిదో రోజు. నేను సుదర్శనం గారితో వాదించి ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్న రోజు. అప్పుడే కత్తెర తీసి ఉంటే ఒక పూట ముందు నీళ్ళొచ్చేవి. మొదటి రోజే తీసి ఉంటే ఆ ముసలావిడ దాహమే ఎరిగి ఉండేది కాదు. పది సెకన్ల పని.

సుదర్శనం గారు నన్ను బండ ముందు నుంచి లేవమన్నారు. చాలా మెల్లగా అన్నారు. ఇలా అవుతుందని తెలిసే కత్తిరించాను కాబట్టి లేచి పక్కకి వచ్చేశాను. కేంద్రం తలుపుకి ఒక కాగితం అంటించారు, ఆయన చేతిరాతే: ఇక్కడ మూటలు కట్టే మంగతాయారు గారు తొమ్మిదో రోజు పొద్దున గుడ్డ తీసి ఒక పుస్తకం చదివారు. ఉత్తరాలు ఏవీ చదవలేదు. తమ ఉత్తరాలు వెనక్కి తీసుకోదలచినవారు తీసుకోవచ్చు.

ఉత్తరాలు చదవలేదన్న మాట ఆయన సాక్ష్యం. వీపు పెట్టి నిలబడ్డ మనిషి ఆ మాట రాశారంటే నన్ను నమ్మే రాశారు.

పదకొండో రోజు

అయిదుగురు వచ్చి ఉత్తరాలు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళలో ఒకావిడకి పధ్నాలుగేళ్ళుగా నేనే మూటలు కట్టాను. నా మొహం చూడకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడని తప్పుపట్టను.

మధ్యాహ్నం కూర్చుని పోలయ్యకి ఉత్తరం రాశాను, మామూలు మనుషుల్లాగా, కాగితం మీద. దాచకుండా రాశాను. మేం పంపిన ముక్కలన్నీ వేరే భాషవని, మొదటి రోజే గుడ్డ ఎత్తి ఉంటే ఆ సాయంత్రానికే నీళ్ళొచ్చేవని, నాకు ప్రమాణం అడ్డమొచ్చిందని, మీ అమ్మ నా చేతిలో పోయినట్టే లెక్కని. క్షమించమని అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

సుదర్శనం గారికి ఇచ్చాను. ఆయన కళ్ళకి గంతలు కట్టుకున్నంత పని చేసి, కాగితాన్ని చదివే పెట్టెలో తిరగేసి పెట్టి బండకి ఎక్కించారు. మూట కట్టనా అని అడిగారు. అక్కర్లేదు, విడిగానే పంపండి, పిట్ట ఎలాగూ ఏదో ఒకటి చెడగొడుతుంది అన్నాను. సాయంత్రం వెళ్ళింది.

పన్నెండో రోజు

కేంద్రంలో నాకు పని లేకపోయినా ఈ పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచారు. ముగించి ఇమ్మన్నారు.

పొద్దున చుట్టం వెళ్ళాక సుదర్శనం గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో మడిచిన కాగితం. "ఇది మీ పేరున వచ్చిందమ్మా" అన్నారు. నేను విప్పేదాకా గుమ్మంలోనే ఉండి, విప్పగానే వెళ్ళిపోయారు. ఇరవై రెండేళ్ళలో నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"అప్పా, నీ ఉత్తరం సదివినాను. మా యమ్మ సంగతిలో తప్పు నీదొక్కద్దానిదే కాదు. నువ్వంపిన ముక్కలన్నీ నేనే విప్పి నాకాడే ఎట్టుకున్నాను. లెక్క సరిపోయిందా నేదా అని సూసినాను గానీ గుడ్డెత్తి సూడనేదు. ఎత్తుంటే మొదటి ముక్కకాడే అది మన బాస కాదని తెలిసిపోయుండును. నీకు సెప్పుందును. అయిదోనాడు అమ్మ అడిగింది. అందులో ఏటి రాసుందో ఒక్కపాలి సూడరా, ఒక్క ముక్కైనా పనికొత్తాదేమో అంది. పెమానం సేసినానే అమ్మా, అలాగ సూడకూడదు అని కసిరినాను. అమ్మ మరి అడగనేదు. నువ్వు గుడ్డ కత్తిరించినావు. నాకా గుండె నేకపోయింది. ఈ మాట ఇంట్లో ఎవులికీ సెప్పనేదు. నీకే సెప్తన్నాను."

నాలుగుసార్లు చదివాను. నా బాధ తగ్గాలి కదా, తప్పులో సగం పంచుకున్నాడు కదా. తగ్గలేదు. ఇప్పుడు అతని బాధ కూడా వచ్చి చేరింది.

సాయంత్రం అయిదూ నలభైకి జవాబు వెళ్ళాలి. ఏం రాయాలో తెలియడం లేదు. ముందు ఆవిడ పేరు అడుగుతాను. పన్నెండేళ్ళుగా అతను అమ్మ అనే రాశాడు, నేనూ అమ్మ బాగుందా అనే అడిగాను.